చింతబావి గోడ

చింతబావి స్టేషన్‌లోకి దిగే మెట్ల పక్కన ఒక ఇత్తడి పలక ఉంది. రెండువేల నలభై ఒకటిలో ప్రారంభించారని, భూమికి ముప్పై నాలుగు మీటర్ల లోతున కట్టారని, ఎనిమిది లిఫ్టులు, పద్నాలుగు కదిలే మెట్లు, ఆరు టికెట్ కౌంటర్లు, మంచినీళ్ళు, మరుగుదొడ్లు, ప్రథమ చికిత్స, పోయిన వస్తువుల గది కలవని దాని మీద మూడు భాషల్లో చెక్కించారు. చెక్కించి ముప్పై ఏళ్ళు దాటింది, అందులో సగం ఎప్పుడో అబద్ధమైపోయింది. లిఫ్టుల్లో రెండు నడుస్తాయి. కదిలే మెట్లు కదలవు. టికెట్ కౌంటర్లలో గంజి పోస్తారు. పోయిన వస్తువుల గదిలో ఐలయ్య ఉంటాడు.

పలక మీద రాయని సేవ ఒక్కటే ఇప్పుడు ఆ స్టేషన్‌కు అసలు పని. అది చల్లగా ఉంటుంది. ఊరంతా యాభై డిగ్రీల్లో వేగిపోతుంటే ఆ పాతాళంలో గాలి ముప్పయ్యొకటి దాటదు. మార్చి నుంచి జూన్ దాకా పగలు పదకొండు మొదలు అయిదు వరకూ రైళ్ళు ఆపేస్తారు. దాన్నే ఎండ సెలవు అంటారు. ఆ ఆరు గంటలూ చుట్టుపక్కల బస్తీల జనం చాపలు, సద్దిగిన్నెలు, పసిపిల్లలు, ఒక్కోసారి మేకలతో సహా కిందికి దిగిపోతారు. రెండు వేల మూడు వందల మంది. వద్దని ఎవరనగలరు? పైన ఉంటే బతకరు మరి.

ఆ చల్లదనమంతా గోడ వెనక ఉన్న సుద్దది. స్టేషన్ కట్టేటప్పుడు ఒక ప్రయోగశాల వాళ్ళు తయారుచేసి, గోడకూ బండకూ మధ్య రెండు గజాల మందాన దట్టించారు. అది వేడిని తాగుతుంది. మనిషి ఒంటి వేడి, రైలు బ్రేకుల వేడి, దీపాల వేడి, ఏదైనా సరే తాగి ఊరుకుంటుంది. అయితే ఎంత తాగినా కడుపంటూ ఒకటుంటుంది కదా. చలికాలంలో పంకాలు తిప్పి, పై గాలి లోపలికి తోలి ఆ వేడిని కక్కించాలి. చలికాలం చలికాలంలా ఉన్నన్నాళ్ళూ ఆ ఏర్పాటు బాగానే నడిచింది.

ఆ గోడను చూసుకోవడమే అండాలు ఉద్యోగం. పందొమ్మిదేళ్ళుగా రోజూ మధ్యాహ్నం పన్నెండింటికి అట్టడుగు అంతస్తుకు దిగుతుంది. గోడలోకి దించిన నిలువెత్తు ఇత్తడి కడ్డీ చివర మీటరు చూసి, అంకె రాసుకుని, పక్కనే ఉన్న తన చిన్న ప్రయోగశాలలో కూర్చుని దాన్ని గీతగా గీస్తుంది. ఇరవై తొమ్మిది దగ్గర ఉంటే క్షేమం. ముప్పై రెండు వస్తే స్టేషన్ ఖాళీ చేయించి ఏడాదిపాటు మూసెయ్యాలి. ముప్పై మూడు వస్తే ఏమవుతుందో పుస్తకంలో ఉంది గానీ, చూసినవాళ్ళు లేరు.

ఆ రోజు మీటరు ముప్పై రెండు పాయింట్ నాలుగు చూపించింది.

అండాలు నవ్వుకుంది. నిన్న ఇరవై తొమ్మిది పాయింట్ ఒకటి. ఒక్క రోజులో ఇంత ఎలా పెరుగుతుంది? ముసలిదైపోయావే నువ్వు అని మీటరు నెత్తిన ఒకటి తట్టింది. అంకె కదల్లేదు. పెట్టెలోంచి కొత్త మీటరు తీసి తగిలించింది. అదీ అదే చెప్పింది. అప్పుడు ఆమెకు జనం మాట గుర్తొచ్చింది. ఈ ఏడు ఉక్క ఎక్కువగా ఉందమ్మా అని నెల రోజులుగా జనం గొణుగుతూనే ఉన్నారు. మీరు ఎక్కువైపోయారు, అందుకే ఉక్క అని తానే నలుగురి ముందూ ఎకసెక్కమాడింది.

గోడకు పరీక్ష కోసం ఉంచిన చిన్న మూత తిప్పి వేలెడంత సుద్దముక్క తీసింది. ప్రయోగశాలలో గాజుగ్లాసు నిండా నీళ్ళు పోసి అందులో వేసింది. ముక్క మునిగి అడుగున కూర్చుంది. ఒక సూదిని దీపం మీద కాల్చి, పట్టకారుతో పట్టుకుని, నీళ్ళలో ఉన్న ఆ ముక్కకు ఆనించింది. కడుపులో ఇంకా చోటుంటే సుద్ద ఆ సూది వేడిని తాగేసి ఊరుకోవాలి.

ముక్క చిటపటలాడింది. చూస్తుండగానే తెల్లగా ఉన్నది కాస్తా బూడిదరంగుకు తిరిగింది, గ్లాసులో నీళ్ళు సలసలా మరిగి పొంగి బల్ల మీదికి ఒలికాయి. ఒక్క ముక్క, ఒక్క సూది మొన. ఒకచోట తిరిగితే మొత్తం తిరుగుతుంది, ముప్పై ఏళ్ళుగా తాగిందంతా గంటలో కక్కేస్తుంది, లోపలి గాలి డెబ్భై దాటుతుంది. పుస్తకంలో ఉన్నది ఇదే. అండాలు పట్టకారు కింద పడేసింది. స్టూలు మీద కూలబడి, ఇదెట్లా జరిగిందిరా దేవుడా, పందొమ్మిదేళ్ళలో ఒక్క రోజు కూడా నాగా పెట్టలేదే అని పైకే అనుకుంది.

అప్పుడు చూసింది కడ్డీ వైపు. తల నిండా పసుపు, మూడు కుంకుమ బొట్లు, చుట్టూ ఎండిపోయిన వేపమండలు. ఆ పసుపు ఆమెకు కొత్త కాదు. ఎండ సెలవుకు వచ్చే ఆడవాళ్ళు ఆ కడ్డీకి సల్లనమ్మ అని పేరు పెట్టి చాలా ఏళ్ళయింది. తమను చల్లగా చూసేది అదేనని వాళ్ళ నమ్మకం. పసుపు రాసి, వేపాకు వేసిన నీళ్ళు దాని మీద పోసి సాక పెడతారు. పోనీలే, ఇత్తడికి పసుపు రాస్తే నష్టమేముందని అండాలు ఎన్నడూ కాదనలేదు. అయితే ఈ రోజు కడ్డీ కింద నేల పొడిగా ఉంది. రోజూ తడిగా ఉండేది. రోజూ తను ఆ తడిలో నిలబడే అంకె రాసుకునేది.

మూడంతస్తులు పరుగున ఎక్కింది. పోయిన వస్తువుల గది ముందు చాప మీద అత్త మల్లవ్వ కూర్చుని కొడుకు ఐలయ్య కోసం గంజిలో ఉప్పు కలుపుతోంది.

"అత్తమ్మా, ఇయ్యాల తల్లికి నీళ్ళు పొయ్యలేదా?"

"ఏడికెల్లి పొయ్యాలె బిడ్డా? పొద్దటిసంది నల్లా రాలె. తాగెతందుకే డ్రమ్ముల్ల పట్టిపెట్టినయి ఉన్నయి. నాకు మనసున పడ్తలేదు, సాక పెట్టకుంట ఒక్కనాడు ఉన్నది లేదు."

"రోజు ఎన్నింటికి పోస్తవ్?"

"పదకొండున్నరకు. నువ్వు దిగకముందే పోసి వస్త. నీ పనికి అడ్డం రావద్దని."

"ఎన్ని నీళ్ళు?"

"రెండు బిందెలు. కుండల పెట్టిన సల్లటి నీళ్ళే." మల్లవ్వ ముఖం వెలిగింది. "ముంగట అందరం చెంబెడే పోసెటోళ్ళం, అది గూడ మాపటికి ఇండ్లకు పోయెటప్పుడు. పిలగాడు ఈడికొచ్చినంక నేను మొక్కుకున్న. నా కొడుకును సల్లంగ సూడు తల్లీ, రోజు రెండు బిందెలు పోస్త అని. నాలుగేండ్లు, ఒక్క దినం తప్పలే."

ఆ నీళ్ళకు కడ్డీ చల్లబడి మీటరు తక్కువ చూపిస్తూ వచ్చిందని అండాలుకు అర్థమైంది. నాలుగేళ్ళుగా తను రాసుకున్నవి గోడ అంకెలు కావు, అత్త పోసిన కుండనీళ్ళ అంకెలు. ఆ మాట పూర్తిగా నిజం కాదని కూడా ఆమెకు తెలుసు. రెండేళ్ళ కింద ఒకనాడు మల్లవ్వ జ్వరంతో ఆలస్యంగా దిగితే మీటరు ఒక డిగ్రీ ఎక్కువ చూపింది. తడికీ అంకెకూ ఏదో లంకె ఉందని ఆ రోజే అనుమానం తగిలింది. అడగలేదు. అంకె పెరిగితే స్టేషన్ మూస్తారు. మూస్తే తన మొగుడు ఐలయ్య ఎక్కడికి పోవాలి? మర్నాడు మీటరు మళ్ళీ దిగితే అమ్మయ్య అనుకుని ఊరుకుంది. చదువుకున్నదాని తెలివి అట్లా తెల్లారింది, ఇంక అత్తను ఏమని అనగలదు?

ఐలయ్య అదే మార్గంలో రైలు నడిపేవాడు. నాలుగేళ్ళ కింద ఒక మే నెలలో కరెంటు పోయి అతని రైలు పై వంతెన మీద ఎండలో ఆగిపోయింది. పెట్టె పెట్టెకూ వెళ్ళి తలుపులు చేత్తో లాగి, నాలుగు వందల మందిని దింపి, ఆఖరున తను పడిపోయాడు. ప్రాణమైతే దక్కింది గానీ ఒంట్లో చెమట పుట్టడం ఆగిపోయింది. నలభై దాటిన గాలిలో పదిహేను నిమిషాలుంటే చాలు, మనిషి మిగలడని డాక్టరమ్మ చెప్పింది. ఆ రోజు నుంచి అతను స్టేషన్ దాటలేదు. "మంచి గదే ఇచ్చిండ్రు. ఎవలన్న వచ్చి, మావోడే అని అడిగితె ఇచ్చేస్తరా నన్ను?" అని వచ్చిన ప్రతివాళ్ళతోనూ నవ్వుతాడు.

అండాలు గదిలోకి తొంగిచూసింది. మంచం మీద పడుకుని రేడియో వింటున్నాడు. వెనక్కి తిరిగి స్టేషన్ మాస్టర్ హబీబ్ సాబ్ దగ్గరికి నడిచింది.

హబీబ్ సాబ్ పెద్దాయన. మనుమరాలి పెళ్ళి పిలుపులు రాసుకుంటున్నాడు. ఆమె చెప్పింది రెండుసార్లు విన్నాడు, కలం కింద పెట్టాడు.

"ఎంత టైముంది అండాలమ్మా?"

"పది నిమిషాలకు పాయింట్ ఒకటి లెక్క పెరుగుతున్నది సార్. గంట. అంతకన్న తక్కువనే."

"పైకి తోలుదామా?"

"బయట యాభై రెండు ఉన్నది. నీడ లేదు. పిల్లలు, ముసలోళ్ళు మెట్ల మీదనే సచ్చిపోతరు."

"ఔర్ రైలు?"

"ఒక్క రైలు వచ్చి బ్రేకేస్తే చాలు సార్, ఆ వేడికే గోడ తిరుగుతది. సొరంగంల నడవాలె. దూద్‌గల్లీ స్టేషన్ పద్దెనిమిది వందల మీటర్లు. దాని గోడ కొత్తది, నిరుడే దట్టించిండ్రు."

"సొరంగంల ఎంత వేడి?"

"నలభై నాలుగు. నలభై నిమిషాల నడక. తడిగుడ్డలు కప్పుకుంటె జనం తట్టుకుంటరు." ఆమె పోయిన వస్తువుల గది వైపు తిరిగి చూసింది.

హబీబ్ సాబ్‌కు మిగతాది ఎవరూ చెప్పనక్కర్లేదు. ఐలయ్యతో కలిసి ఇరవై ఏళ్ళు పనిచేసినవాడు. సొరుగులోంచి సైరన్ తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "చట్టం ప్రకారం గోడ అధికారివి నువ్వే. నువ్వు నొక్కాలె. నేను ఐదు నిమిషాలు ఇటు చూడను. ఐదే బిడ్డా."

ఆ ఐదు నిమిషాలూ అండాలు చెయ్యని లెక్క లేదు. జనాన్నంతా పంపేసి ఐలయ్యను ఇక్కడే ఉంచితే? మనుషుల ఒంటి వేడి తగ్గుతుంది కాబట్టి గోడ మూడు గంటలు ఆగుతుంది. ఆ తర్వాత డెబ్భై. ఆ లోపు బయటికి తీసుకుపోతే? మూడున్నరకు బయట ఇంకా యాభై. మంచుగడ్డలు? మందుల పెట్టెలో అరచేతంతవి నాలుగున్నాయి. అంబులెన్సు? ఎండ సెలవులో ఇంజన్లు ఆగిపోతాయని బండ్లు తియ్యరు. ఫోన్ చేసి కాళ్ళావేళ్ళా పడింది. అయిదు తర్వాత చూద్దాం మేడం అన్నారు అవతల. ఆమె ఫోన్‌ను గోడకేసి కొట్టబోయి, ఆ గోడనే చూసి ఆగింది. నీకు ఇంకో నాలుగు గంటలు ఏం పోయిందే అని దాన్ని తిట్టింది, బతిమాలింది. ఎవరైనా చూస్తే పిచ్చిపట్టిందనుకునేవాళ్ళే.

తర్వాత సైరన్ నొక్కింది.

చింతబావి జనానికి క్రమశిక్షణ లేదని పేపర్లలో రాస్తుంటారు. ఆ రోజు చూసి ఉండాల్సింది. గంజి కౌంటరు ఆడవాళ్ళు డ్రమ్ముల దగ్గర నిలబడి తలా ఒక గ్లాసు నీళ్ళు పోశారు. చీరకొంగులు, లుంగీలు, దుప్పట్లు తడిపి పిల్లలకు చుట్టారు. పట్టాల మీద తోసే తనిఖీ ట్రాలీలు మూడుంటే రెండింటి మీద నడవలేని ముసలివాళ్ళను ఎక్కించారు. కొందరు ఏడుస్తున్నారు, కొందరు తిడుతున్నారు, అయినా వరుస తెగకుండా సొరంగంలోకి దిగుతున్నారు.

అండాలు పోయిన వస్తువుల గదిలోకి వెళ్ళేసరికి ఐలయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. సైరన్ ఎందుకు మోగుతుందో రైలు నడిపినవాడికి ఒకరు చెప్పాలా?

"గోడ పోయిందా?" అన్నాడు.

ఆమె తలూపింది. ఎందుకు పోయిందో చెప్పలేదు. మల్లవ్వ గుమ్మంలో నిలబడి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

"నువ్వు ఈన్నే ఉండు," అంది అండాలు. మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. "అందరు పోతే మూడు గంటలు ఆగుతది. ఈలోపట ఏదో ఒకటి చేస్త. నేను నీ దగ్గరనే ఉంట. అత్తమ్మను పంపుదాం."

"నేనెందుకు పోత? నా కొడుకునిడిశి నేనేడికి పోత?" మల్లవ్వ చాప పరిచేసి దాని మీద కూర్చుంది.

ఐలయ్య ఇద్దరినీ చూశాడు. "మూడు గంటలైనంక?" అన్నాడు.

అండాలు గోడ మీది గడియారం వైపు చూసింది.

"ఈన్నే ఉంటె మూడు గంటలకు ముగ్గురం," అన్నాడు నిదానంగా. "నాకు లెక్కలు రావనుకుంటున్నవా ఏందే? మూడో ట్రాలీ ఖాళీగున్నదా?"

"వద్దు. నలభై నాలుగున్నది ఆడ. నువ్వు పదిహేను..."

"తెలుసు. డాక్టరమ్మ నా ముంగటనే చెప్పింది గదా." కాళ్ళు కిందపెట్టి చెప్పులు వెతుక్కున్నాడు. "దూద్‌గల్లీ మలుపు దాటితె కొంచెం గాలొస్తది. ఆ మలుపుల రైలు ఎన్నిసార్లు తిప్పిన్నో నాకే ఎర్కలేదు. పాండి. అమ్మా, లే. నువ్వు లెవ్వకుంటె నేను లెవ్వ."

అండాలుకు అర్థమైంది. తను బతకడానికి కాదు అతను బయల్దేరుతున్నది. తను ఇక్కడుంటే వీళ్ళిద్దరూ కదలరని. కాదనడానికి ఆమె దగ్గర ఒక్క లెక్క కూడా మిగల్లేదు. ఏడుపు తన్నుకొచ్చింది. పైట చెంగు నోట్లో కుక్కుకుని, అతని చెయ్యి తన భుజం మీద వేసుకుంది.

ట్రాలీ మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. మందుల పెట్టెలోని నాలుగు మంచుముక్కలూ చంకల కింద, మెడ కింద పెట్టారు. హబీబ్ సాబ్ ఆఖరు మనిషి కూడా దిగాడని చూసుకుని, టోపీ తీసి జేబులో పెట్టి, ట్రాలీ వెనక చెయ్యి వేశాడు.

సొరంగంలో గాలి కదలదు. తేమతో బరువెక్కి ముఖానికి అంటుకుంటుంది. మూడు వందల మీటర్ల దగ్గర మంచుముక్కలు గుడ్డల్లో నీళ్ళయిపోయాయి. ముందు నడుస్తున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. అందులో ఒకామె, ఆనాడు వంతెన మీద ఆగిన రైల్లో ఉన్నదట, తన గ్లాసులో నీళ్ళు తాగకుండా దాచుకుంది. నిలబడి, ట్రాలీ రాగానే ఆ నీళ్ళు ఐలయ్య ఛాతీ మీద పోసి మళ్ళీ నడక మొదలుపెట్టింది. ఆమెను చూసి ఇంకొకరు. తర్వాత వరుసగా. తాగాల్సిన నీళ్ళు తాగకుండా సగం సగం పోస్తున్నారు. ఇంత తేమలో నీళ్ళు ఆరవు, ఆరకపోతే ఒళ్ళు చల్లబడదు, రెండు నిమిషాల్లో ఆ నీళ్ళూ ఒంటితో పాటు వేడెక్కుతాయి. అండాలుకు అది బాగా తెలుసు. అయినా ఎవరినీ ఆపలేదు. మల్లవ్వ ప్రతి గ్లాసుకూ దండం పెడుతూ నడుస్తోంది.

తొమ్మిది వందల మీటర్ల దగ్గర ఐలయ్య మాట తడబడటం మొదలైంది. ముఖం ఎర్రగా కందింది. చర్మం పొడిగా, ముట్టుకుంటే చెయ్యి చురుక్కుమనేలా ఉంది. వంతెన మీద దిగండి దిగండి అని ఎవరినో తొందరపెడుతున్నాడు. కాసేపటికి తెలివొచ్చి అండాలు కోసం తడుముకున్నాడు. ఆమె చెయ్యి అందించింది.

"అండాలూ. ఎంతున్నదే ఇక్కడ?"

ఆమె చేతిలో చిన్న మీటరుంది. దాని మీద ఎర్ర అంకెలు నలభై నాలుగు పాయింట్ ఆరు చూపిస్తున్నాయి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి ఆమె మీటరు చూపించిన అంకె తప్ప ఇంకో అంకె పలకలేదు.

"ముప్పయ్యొకటి," అంది.

"గంతేనా?" అతను కళ్ళు తెరవబోయాడు, రెప్పలు లేవలేదు. "నాకు మస్తు అనిపిస్తున్నది. నిజమేనా?"

మల్లవ్వ వంగి మీటరు చూసింది. బస్తీ పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి, అంకెలు రానిది కాదు. ఎర్రగా వెలుగుతున్న వాటిని చూసింది, కోడలి ముఖం చూసింది. మీటరును కొంగుతో కప్పింది. తర్వాత కొడుకు నుదుటి మీద చెయ్యి వేసింది.

"ఔ కొడుకా. ముప్పయ్యొకటే. నేను గూడ జూసిన."

"మరైతె ఫర్వాలే," అన్నాడు ఐలయ్య.

వెనక నుంచి ఒక్కసారిగా వేడిగాలి తోసుకొచ్చి అందరి వీపులకూ తగిలింది. అండాలు వేసిన మూడు గంటల లెక్క కూడా తప్పింది, చింతబావి గోడ అప్పుడే తిరిగింది. ఎవరూ వెనక్కి చూడలేదు. తొయ్యండి, తొయ్యండి అని హబీబ్ సాబ్ బొంగురు గొంతుతో అరుస్తుంటే నలుగురొచ్చి ట్రాలీకి చేతులు కలిపారు. మలుపు వచ్చింది, దాటింది. దూద్‌గల్లీ ప్లాట్‌ఫారం దీపాలు కనిపించాయి, అక్కడి గాలి ముందు చిన్నగా, తర్వాత బాగా తగిలింది. ముందున్న జనంలో కేకలు, ఏడుపులు, బతికిపోయాం అనే మాటలు.

ఐలయ్య మళ్ళీ అడగలేదు. అండాలు మాత్రం పట్టు సడలిన అతని చెయ్యి వదలకుండా, చెవి దగ్గర వంగి, ప్లాట్‌ఫారం చేరేదాకా చెబుతూనే ఉంది. ముప్పయ్యొకటి. ముప్పయ్యొకటే. ముప్పయ్యొకటి.